స్పేర్ పార్టు కొనే ముందు లోపం తేల్చుకోవాలి

శుక్రవారం సాయంత్రం ఇంటి ముందు పెట్టిన కారు సోమవారం పొద్దున స్టార్ట్ కాదు. తాళం తిప్పితే ‘టక టక’ శబ్దం తప్ప ఏమీ ఉండదు. ఫోన్‌లో సంగతి విన్న మెకానిక్ ‘బ్యాటరీ పోయింది సార్’ అంటాడు. కొత్త బ్యాటరీ వేస్తే బండి కదులుతుంది. మూడు వారాల తర్వాత పండగ సెలవులకు రెండు మూడు రోజులు కదలకుండా ఉంటే మళ్లీ అదే శబ్దం. ఈసారి ‘బ్యాటరీ ఛార్జ్ కావడం లేదు’ అని ఆల్టర్నేటర్ మారుస్తారు. ఆ తర్వాతి సెలవులకు మళ్లీ అదే కథ. చివరికి ఎవరో మీటరు పెట్టి చూస్తే, ఆ మధ్య బిగించిన మ్యూజిక్ సిస్టమ్ వైరును తాళంతో ఆగిపోయే లైనుకు కాకుండా నేరుగా బ్యాటరీ లైనుకు కలిపారని, కారు ఆపినా అది కరెంటు తాగుతూనే ఉందని తేలుతుంది. వైరు మార్చడానికి పట్టేది పావుగంట. అప్పటికే రెండు పార్టుల డబ్బు పోయింది.

ఇందులో ఎవరూ మోసం చేయలేదు. మెకానిక్ తనకు తోచింది చెప్పాడు, దుకాణదారు అడిగింది ఇచ్చాడు. జరగనిది ఒక్కటే: పరీక్ష. సొంత కారు ఉన్నవారికి ఇది చికాకుతో పోతుంది. క్యాబ్, ఆటో, సరుకు బండి నడుపుకునేవారికి అదే తప్పు పార్టు ఖర్చుతో పాటు బండి ఆగిన రోజుల సంపాదననూ తీసుకుపోతుంది. పైగా మన స్పేర్ పార్టుల దుకాణాల్లో ఎలక్ట్రికల్ సామాను ఒకసారి బిగిస్తే సాధారణంగా వెనక్కి తీసుకోరు. అంటే ఊహ తప్పయినా దాని ఖరీదు కట్టాల్సింది యజమానే.

ఈ వ్యాసం ఉద్దేశం ప్రతివారినీ మెకానిక్ చేయడం కాదు. ఏ పార్టుకైనా డబ్బు ఇచ్చే ముందు ‘పోయింది ఇదేనని ఎలా తెలిసింది?’ అని అడగగలగాలి. వచ్చిన జవాబు సరైనదో కాదో కొంతైనా పోల్చుకోగలగాలి.

మొదట లక్షణం, తర్వాతే కారణం

డాక్టరు దగ్గరికి వెళ్లి ‘నాకు యాంటీబయాటిక్ రాయండి’ అనం. జ్వరం ఎప్పటి నుంచో, ఏ వేళకు వస్తోందో చెబుతాం. గ్యారేజీకి మాత్రం ‘క్లచ్ ప్లేట్లు మార్చు’ అంటూ వెళ్తాం. అక్కడే దారి తప్పుతుంది. జరిగింది జరిగినట్టు చెప్పడమే సగం పని. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ట్రాఫిక్‌లోనా, హైవే మీదా? ఏసీ వేసినప్పుడే వస్తోందా? వాన పడ్డాకా? ఎప్పుడూ ఉంటోందా, అప్పుడప్పుడూ వచ్చి పోతోందా?

ఇంకో ప్రశ్న చాలా సమయం మిగులుస్తుంది: ఈ లోపం రాకముందు బండిని చివరిసారి ఎవరు, ఎక్కడ ముట్టుకున్నారు? సర్వీసింగ్ అయిన మర్నాడు, కొత్త హారన్ పెట్టించిన వారం, వాటర్ వాష్ చేయించిన రోజు మొదలైన లోపానికి కారణం చాలాసార్లు ఆ పనిలోనే దొరుకుతుంది. సరిగా కూర్చోని కనెక్టరో, బిగించడం మరిచిన క్లిప్పో, తడిసిన ప్లగ్గో ఉంటుంది. ఇక ఎక్కువ రోజులు కదలని బండి అయితే బానెట్ కింద ఎలుకలు కొరికిన వైర్లున్నాయేమో ముందు చూడాలి. కొరికిన వైరును గమనించకుండా సెన్సర్ మార్చితే కొత్త సెన్సర్ కూడా అదే తప్పు చూపిస్తుంది.

స్టార్ట్ కాని కారు: ఒక్కో మెట్టూ

‘స్టార్ట్ కావట్లేదు’ అనేది ఒక లోపం కాదు, నాలుగైదు వేర్వేరు లోపాలకు ఒకే పేరు. వాటిని చెవితోనే చాలావరకు విడదీయవచ్చు.

వేగంగా ‘టక టక టక’ అంటే సెల్ఫ్ మోటారుకు చాలినంత కరెంటు అందడం లేదు. బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా టెర్మినల్స్ వదులై, తెల్లటి పొడి పట్టి ఉండాలి. ఒక్కసారి ‘టక్’ మని ఆగిపోతే సెల్ఫ్ మోటారును, దానికి వెళ్లే వైర్లను, ఎర్త్‌ను అనుమానించాలి. అసలు శబ్దమే లేకపోతే ఫ్యూజు, రిలే, క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్ చూడాలి. ఆటోమేటిక్ బండి అయితే గేరు పార్క్‌లో గానీ న్యూట్రల్‌లో గానీ ఉందా అన్నది ముందు చూసుకోవాలి. ఇంజిన్ హుషారుగా తిరుగుతూ కూడా అందుకోకపోతే బ్యాటరీకి, సెల్ఫ్‌కు దానితో సంబంధం లేదు. ఇంధనమో, స్పార్కో, తాళాన్ని గుర్తుపట్టే ఇమ్మొబిలైజరో అడ్డుపడుతోంది. పెట్రోలు కార్లలో తాళం ‘ఆన్’ చేయగానే వెనక సీటు వైపు నుంచి రెండు క్షణాలు సన్నని గుయ్‌మన్న శబ్దం వినిపించాలి. అది ఫ్యూయల్ పంపుది. అలవాటైన ఆ శబ్దం వినిపించకపోతే ముందు పంపు ఫ్యూజు, రిలే చూడాలి. పంపు కొనే ఆలోచన ఆ తర్వాతే.

చెవి తర్వాత మల్టీమీటరు. కొన్ని వందల రూపాయలకు దొరికే ఈ పరికరం వేల రూపాయల తప్పు కొనుగోలును ఆపగలదు. కారును కొన్ని గంటలు కదలకుండా ఉంచి బ్యాటరీ వోల్టేజీ కొలవాలి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలో 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే సుమారు ముప్పాతిక, 12.2 అంటే సగం, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. అయితే ఖాళీ బ్యాటరీ, పాడైన బ్యాటరీ ఒకటి కావు. దాన్ని పూర్తిగా ఛార్జ్ చేసి సెల్ఫ్ కొడుతూ మళ్లీ చూడాలి. నిండా ఛార్జ్ అయిన తర్వాత కూడా సెల్ఫ్ కొట్టినప్పుడు 9.6 వోల్టుల కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీని అనుమానించవచ్చు. బ్యాటరీ దుకాణాల్లో ఉండే లోడ్ టెస్టర్‌తో దాన్ని నిర్ధారించుకోవచ్చు.

తర్వాత ఆల్టర్నేటర్. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటరు వేసినా పెద్దగా తగ్గకూడదు. కొత్త కార్లలో ఆల్టర్నేటర్ ఎంత కరెంటు ఇవ్వాలో కంప్యూటరే అవసరాన్ని బట్టి నిర్ణయిస్తుంది కాబట్టి అంకె కాస్త అటూ ఇటూ కావచ్చు. అందుకే ఒక్క రీడింగ్ చూసి ఆల్టర్నేటర్‌ను తప్పుపట్టకూడదు, లోడు వేసి మళ్లీ చూడాలి.

ఎక్కువమంది వదిలేసేది ఎర్త్ పరీక్ష. మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్ స్తంభానికి, రెండో కొసను ఇంజిన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. తేడా 0.2 వోల్టు దగ్గర ఉంటే దారి బాగున్నట్టు. అర వోల్టు దాటితే ఎర్త్ వైరులోనో దాని బోల్టు దగ్గరో తుప్పు ఉన్నట్టు. ఈ లోపం ఉన్న బండికి కొత్త బ్యాటరీ, కొత్త సెల్ఫ్ మోటారు రెండూ వేసినా ప్రయోజనం ఉండదు.

బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఎర్త్ మూడూ బాగుండి కూడా బండి రెండు రోజులు నిలిస్తే దిగిపోతోందంటే, మొదట చెప్పుకున్న కథలోలా ఆపిన బండిలో ఏదో కరెంటు లాగుతోంది. ఆధునిక కార్లు తాళం తీశాక కొంతసేపటికి ‘నిద్ర’లోకి వెళ్తాయి. దీనికి అరగంట దాకా పట్టవచ్చు. ఆ తర్వాత లాగే కరెంటు సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్ల లోపే ఉండాలి. అదే 500 మిల్లీ ఆంపియర్లు ఉంటే రోజుకు 12 ఆంపియర్ అవర్లు పోతాయి. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ రెండు రోజుల్లో సగానికి పైగా ఖాళీ అవుతుంది. అలాంటప్పుడు ఒక్కో ఫ్యూజూ తీస్తూ మీటరు ఎక్కడ పడిపోతుందో చూస్తే దొంగ దొరుకుతాడు. డ్యాష్ కెమెరా, జీపీఎస్ ట్రాకర్, బయట పెట్టించిన మ్యూజిక్ సిస్టమ్, మూతపడని డిక్కీ లైటు తరచూ దొరికే దొంగలు. మీటరు ఇలా కరెంటు కొలిచే స్థితిలో ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు కాలిపోతుంది.

ఇంజిన్ లైటు పార్టు పేరు చెప్పదు

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకు ఓబీడీ రెండో దశ నిబంధనలు వర్తించాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6, 2023 ఏప్రిల్‌లో దాని రెండో దశ వచ్చాయి. అంటే ఇప్పుడు రోడ్డు మీదున్న చాలా కార్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. వెయ్యి రూపాయల అటూ ఇటూలో దొరికే బ్లూటూత్ రీడరును దానికి తగిలిస్తే ఇంజిన్ లైటు ఎందుకు వెలిగిందో ఫోన్‌లోనే కోడ్ రూపంలో కనిపిస్తుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ వంటి వాటి కోడ్లు చదవాలంటే తరచూ ఆ కంపెనీకి తగిన స్కానరే కావాలి.

ఇక్కడే కొత్త రకం పొరపాటు మొదలైంది. కోడ్‌లో కనిపించిన పేరునే కొనాల్సిన పార్టుగా అనుకోవడం. కోడ్ చెప్పేది ఏ చోట, ఏ కొలత హద్దు దాటిందో మాత్రమే. ఎందుకు దాటిందో మనమే తేల్చాలి.

పీ0171 కోడ్‌ను తీసుకుందాం. ఇంజిన్‌లోకి వెళ్తున్న గాలికి తగినంత పెట్రోలు లేదని దాని అర్థం. దీన్ని చూసి ఆక్సిజన్ సెన్సర్ మార్చేవారున్నారు. నిజానికి చాలాసార్లు ఆ సెన్సర్ సరిగానే చెబుతోంది. పగిలిన రబ్బరు పైపులోంచి అదనంగా గాలి దూరుతుండవచ్చు, ఫ్యూయల్ పంపు ఒత్తిడి తగ్గి ఉండవచ్చు, గాలిని కొలిచే సెన్సర్‌కు దుమ్ము పట్టి ఉండవచ్చు. చెడు వార్త తెచ్చినవాణ్ని శిక్షించినంత మాత్రాన వార్త మారదు.

పీ0301 అంటే ఒకటో సిలిండరులో మిస్సింగ్. ఒక్కో సిలిండరుకు ఒక్కో కాయిల్ ఉన్న ఇంజిన్లలో దీనికి ఖర్చులేని పరీక్ష ఉంది. ఒకటో కాయిల్‌ను రెండో సిలిండరుకు, రెండోదాన్ని ఒకటికి మార్చి నడపాలి. కోడ్ పీ0302గా మారితే లోపం కాయిల్‌దే. మారకపోతే అదే పద్ధతిలో స్పార్క్ ప్లగ్గు, తర్వాత ఇంజెక్టరు, చివరికి కంప్రెషన్. ఇక ఎయిర్ ఫిల్టర్ మార్చిన మర్నాడే పీ0113 కోడ్ వచ్చిందంటే, లోపలికి వెళ్లే గాలి వేడిని కొలిచే సెన్సర్ కనెక్టరును తిరిగి పెట్టడం మరిచారేమో ముందు చూడాలి.

రెండు జాగ్రత్తలు. కోడ్‌ను, దానితో పాటు లోపం వచ్చిన క్షణాన వేగం, వేడి ఎంతో నమోదైన వివరాలను రాసుకోకముందే చెరిపేయకూడదు. బ్యాటరీ వైరు తీసినా చాలా బండ్లలో అవి చెరిగిపోతాయి. రెండోది, ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే నెమ్మదిగా గ్యారేజీకి వెళ్లవచ్చు. మిణుకుమిణుకుమంటూ బండి కుదుపుతుంటే మాత్రం ఆపేయాలి. కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు వెళ్లి ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టరును కాల్చేస్తుంది.

బీఎస్-6 డీజిల్ కార్లలో డీపీఎఫ్ లైటుదీ ఇదే సంగతి. ఈ ఫిల్టరు తనలో చేరిన మసిని పొగ గొట్టంలోని వేడితో కాల్చుకుంటుంది. ఇంటి నుంచి ఆఫీసుకు నాలుగైదు కిలోమీటర్లే తిరిగే బండికి ఆ వేడి పుట్టదు. లైటు మొదటిసారి వెలిగినప్పుడు, యజమాని పుస్తకంలో చెప్పిన విధంగా, హైవే మీద కొంతసేపు నిలకడైన వేగంతో నడిపితే చాలావరకు సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ఫిల్టరు ముందూ వెనకా ఒత్తిడి కొలిచే సెన్సర్‌ను, దాని సన్నని పైపులను చూడాలి. పగిలిన పైపు కూడా ఫిల్టరు నిండిందని తప్పు చెప్పగలదు. ఫిల్టరు మార్చడం చివరి మాట కావాలి.

వేడెక్కే ఇంజిన్, చల్లబడని ఏసీ

ఇంజిన్ వేడెక్కితే ‘రేడియేటర్ పోయింది’ అనేస్తారు. ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే దారి తెలుస్తుంది. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ముల్లు పైకి వెళ్లి, హైవే ఎక్కగానే దిగితే ముందు ఫ్యాను, దాని రిలే, ఫ్యూజు చూడాలి. ఏసీ వేసినప్పుడు చాలా కార్లలో ఫ్యాను తిరగాలి, తిరగకపోతే సగం జవాబు దొరికినట్టే. శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడో, వేగంగా వెళ్లేటప్పుడో వేడెక్కుతుంటే నీటి ప్రసరణ సరిగా లేదు. థర్మోస్టాట్, వాటర్ పంపు, మూసుకుపోయిన రేడియేటర్ అప్పుడు అనుమానితులు. ఏళ్ల తరబడి కూలెంట్‌కు బదులు బోరు నీళ్లు పోసిన బండిలో లోపల సున్నం పేరుకుని ఉంటుంది. బయట ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గిపోతూ, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్‌ను పరీక్ష చేయించాలి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత మాత్రం ఎట్టి పరిస్థితుల్లో తీయకూడదు.

ఏసీలో ‘గ్యాస్ అయిపోయింది’ అనే మాట ప్రతి ఎండాకాలం వింటాం. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ఏళ్ల మీద కొద్దిగా తగ్గవచ్చు గానీ ఏటా నింపాల్సి వస్తోందంటే ఎక్కడో లీకు ఉంది. లీకు వెతకకుండా గ్యాస్ నింపడమంటే వచ్చే ఏడాది మళ్లీ రమ్మని చెప్పడమే. అంతకంటే ముందు క్యాబిన్ ఫిల్టరు మూసుకుపోయిందా, కండెన్సర్ ముందు ఫ్యాను తిరుగుతోందా చూస్తే కొన్నిసార్లు గ్యాస్ దాకా వెళ్లాల్సిన పనే ఉండదు.

శబ్దాలు, వణుకులు

స్టీరింగ్ పూర్తిగా తిప్పి వెళ్తుంటే ముందు చక్రం దగ్గర ‘కటకట’ అంటే డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింటు మీదికి అనుమానం వెళ్తుంది. వేగంతో పాటు పెరిగే హోరు చక్రం బేరింగుదో టైరుదో కావచ్చు. ముందు టైర్లను వెనక్కి మార్చి చూస్తే, హోరు కూడా వెనక్కి వెళ్తే అది టైరే. గుంతల్లో ‘టంగు టంగు’ మంటే షాక్ అబ్జార్బర్ కంటే ముందు లింక్ రాడ్లు, బుష్‌లు కదిపి చూడాలి, వాటి ఖరీదు చాలా తక్కువ. ఎనభై, తొంభై వేగంలో స్టీరింగ్ వణికితే వీల్ బ్యాలెన్సింగ్, బ్రేకు వేసినప్పుడే వణికితే బ్రేకు డిస్కులు. బండి ఒక పక్కకు లాగుతుంటే అలైన్‌మెంట్‌కు వెళ్లే ముందు నాలుగు టైర్ల గాలి చూడాలి.

బ్రేక్ ఆయిల్ తగ్గిందని లైటు వెలిగితే ఆయిల్ పోసి ఊరుకోవద్దు. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆయిల్ మట్టం దానంతటదే కొంత దిగుతుంది. ప్యాడ్లు బాగుండి కూడా తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. రెండింట్లో ఏదైనా, పైనుంచి పోసిన ఆయిల్ ఆ హెచ్చరికను దాచేస్తుంది.

ద్విచక్ర వాహనాలు

బైకు స్టార్ట్ కాకపోతే ముందు పైసా ఖర్చులేని మూడు చూడండి: ఇంజిన్ కట్ స్విచ్, సైడ్ స్టాండ్, ట్యాంకులో పెట్రోలు. సైడ్ స్టాండ్ దగ్గర మట్టి చేరి స్విచ్ ఇరుక్కుంటే స్టాండ్ తీసినా తీయలేదనే బండి అనుకుంటుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బీఎస్-6 బండ్లలో బలహీనమైన బ్యాటరీ ఇంజిన్ లోపంలా కనిపిస్తుంది కాబట్టి ప్లగ్గు, ఇంజెక్టరు కంటే ముందు వోల్టేజీ చూడాలి. కొన్ని మోడళ్లలో ఇంజిన్ లైటు ఎన్నిసార్లు మిణుకుమంటే అదే కోడ్. వరద నీటిలో మునిగిన బండిని మాత్రం సెల్ఫ్ కొట్టి పరీక్షించకూడదు. సిలిండరులోకి నీళ్లు వెళ్లి ఉంటే ఆ ఒక్క ప్రయత్నంతో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

మెకానిక్‌తో, దుకాణంతో

వీధి చివరి మెకానిక్‌కు ఊహే ఎందుకు ఆధారమైందో కూడా చూడాలి. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలకు మొత్తం సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అసలు స్పేర్ పార్టులను, లోపం కనిపెట్టే పరికరాలను, సాంకేతిక సమాచారాన్ని బయటి గ్యారేజీలకు అందనివ్వలేదన్నది ఆ కేసులో ప్రధాన అంశం. కంపెనీలు దానిపై అప్పీళ్లకు వెళ్లాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ ప్రారంభించింది. అది ఎంచుకున్న నాలుగు రంగాల్లో వాహనాలు ఒకటి. కంపెనీ సమాచారం, స్కానరు రెండూ అందని మెకానిక్‌కు పార్టు మార్చి చూడడమే పరీక్ష అవుతుంది. ఆ పరీక్ష ఖర్చు మన జేబులోంచి పోతుంది.

అందుకే పరీక్షకు విడిగా డబ్బు ఇవ్వడానికి వెనకాడకూడదు. ‘చూసినందుకు ఇంత తీసుకో, తేల్చి చెప్పు, ఆ తర్వాతే పార్టు’ అని ముందే మాట్లాడుకుంటే, పార్టు అమ్మితేనే కూలి గిట్టుతుందనే ఒత్తిడి మెకానిక్‌పై ఉండదు. ఏ పరీక్ష చేశారు, ఎంత రీడింగ్ వచ్చింది అని అడగండి. మార్చిన పాత పార్టును వెనక్కి తీసుకోండి. పనికి, పార్టుకు వేర్వేరుగా రాసిన బిల్లు ఉంచుకోండి. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద జిల్లా కమిషన్‌నూ ఆశ్రయించవచ్చు. ఈ రెండు చోట్లా మీ మాటకు బలమిచ్చేది ఆ బిల్లే.

లోపం తేలాక కూడా తొందర వద్దు. ఒకే పేరున్న కారులో ఏడాదిని బట్టి, ఇంజిన్‌ను బట్టి పార్టులు మారతాయి. కాబట్టి చాసిస్ నంబరు చెప్పి పార్టు నంబరు సరిచూసుకోవాలి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగే కారుకు మామూలు బ్యాటరీ వేస్తే త్వరగా పాడవుతుంది. విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి వంటి చోట్ల దొరికే పాత పార్టుల్లో తలుపులు, అద్దాలు, లైట్ల వంటివి కంటితో చూసి కొనవచ్చు. బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్‌ల విషయంలో పాతవాటి జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఎక్కడ ఆగాలి

సొంత పరీక్షకు హద్దులున్నాయి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకూడదు. పెట్రోలు వాసన వస్తుంటే సెల్ఫ్ కొట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్‌ల పసుపు రంగు కనెక్టర్లు, ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్ల నారింజ రంగు కేబుళ్లు ముట్టుకోకూడదు. బ్రేకులో, స్టీరింగ్‌లో ఏ తేడా కనిపించినా బండిని నడిపి పరీక్షించే ప్రయత్నం చేయకుండా తెలిసినవారిని పిలవాలి.

మిగతావాటికి క్రమం ఒక్కటే. లక్షణం రాసుకోండి. కంటికి కనిపించేవి, ఖర్చులేనివి ముందు చూడండి. ఒక్కసారి ఒక్క మార్పే చేయండి. రెండు పార్టులు ఒకేసారి మారిస్తే బండి బాగుపడినా దేనివల్లో తెలియదు. ఏ పార్టు పోయిందో రుజువు దొరికాకే పర్సు తీయండి. దొరక్కపోతే ఇంకో పరీక్షకు డబ్బు పెట్టండి, అది తప్పు పార్టు కంటే చవక.